ఫ్లోరో 7.5కి తగ్గిస్తే "బొమ్మ బాలేదు" అంటున్నారు. టెక్నీషియన్ చేతిలో ఏమైనా ఉందా?

క్యాథ్‌ల్యాబ్_కుర్రాడు
మా క్యాథ్‌ల్యాబ్‌లో (గుండె రక్తనాళాలకి గొట్టం వేసి చికిత్స చేసే గది) ఫ్లోరో, అంటే పెడల్ తొక్కినంతసేపూ కదులుతూ కనిపించే ఎక్స్‌రే బొమ్మ, ఎప్పుడూ సెకనుకు 15 ఫ్రేములే. మిషన్ బిగించిన రోజున ఎవరు పెట్టారో ఏమో, అలాగే ఉండిపోయింది. మామూలు యాంజియోగ్రామ్‌కి 7.5 చాలు కదా అని మార్చి పెడితే పెద్ద డాక్టర్ గారు రెండో నిమిషంలోనే పట్టేశారు. "బొమ్మ గెంతుతోంది, ఎవరయ్యా ముట్టుకుంది?" అన్నారు. మళ్ళీ 15. అది చాలదన్నట్టు ప్రతి చిన్నదానికీ సైన్ (రికార్డు కోసం ఎక్కువ డోస్‌తో తీసే ఎక్స్‌రే వీడియో) తీస్తారు. బెలూన్ ఉబ్బించినా సైనే. కేసు అయ్యాక తెర మీద డోస్ అంకె చూస్తే నాకే కంగారు పుడుతోంది. పేషెంట్ మీద పడే రేడియేషన్ తగ్గించడానికి మాలాంటివాళ్ళ చేతిలో అసలేమైనా ఉందా, లేక అంతా పెడల్ తొక్కేవాళ్ళ దయేనా?

స్క్రబ్_సిస్టర్
దయే. మా దగ్గర ఒకాయన మానిటర్ వంక చూడకుండా అసిస్టెంట్‌తో కబుర్లు చెబుతూ కూడా పెడల్ మీంచి కాలు తియ్యరు.

ఎముకల_పీజీ
"సార్, కాలు అతుక్కుపోయిందా" అని అడగాలని చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. పీజీ పూర్తవ్వాలి కాబట్టి మింగేశాను.

గుండె_మరమ్మత్తు
పెద్ద డాక్టర్ల వైపు నుంచి ఒక మాట. మేము పట్టుకునే తీగ మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉంటుంది. దాని కొస ఎక్కడుందో కనపడకపోతే రక్తనాళానికి చిల్లు పడుతుంది. అప్పుడు పేషెంట్‌కి ఎన్ని గ్రేలు (రేడియేషన్ డోస్ కొలత) తగ్గించామన్నది ఎవరికీ పట్టదు. గుండె కొట్టుకుంటూ ఉంటుంది, తీగ దాంతోపాటు ఊగుతుంది, 7.5లో అది నిజంగానే గెంతినట్టు కనిపిస్తుంది. క్యాల్షియం పట్టిన మెలికల నాళంలో నేను కూడా 15 అడుగుతాను. కాకపోతే క్యాథెటర్ తొడ నుంచి పైకి నెట్టడానికి కూడా 15 కావాలంటే అది అలవాటే, అవసరం కాదు.

అనుభవమే_గురువు
ఇన్నేళ్ళు 30 ఫ్రేముల్లో చేశాం. ఎవరికీ ఏమీ కాలేదు.

డోస్‌లెక్క
@అనుభవమే_గురువు "ఏమీ కాలేదు" అని ఎలా తెలిసింది సార్? చర్మం కాలితే అది టేబుల్ మీద కనిపించదు. రెండు మూడు వారాల తర్వాత ఇంటి దగ్గర కనిపిస్తుంది. పేషెంట్ మీ దగ్గరికి రాడు, ఇంకో డాక్టర్ దగ్గరికి పోతాడు. ఫ్లోరో కింద చేసిన చికిత్సల వల్ల చర్మం తీవ్రంగా దెబ్బతింటోందని అమెరికా ఎఫ్‌డీఏ 1994లోనే హెచ్చరిక జారీ చేసింది. కాలడం లేదని కాదు, ఎవరూ వెతకట్లేదు అంతే.

ఇక అసలు ప్రశ్న. నేను మెడికల్ ఫిజిక్స్ మనిషిని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు దాటెయ్యండి.

15 నుంచి 7.5కి తగ్గిస్తే డోస్ సరిగ్గా సగం అవదు. ఫ్రేములు తగ్గితే కంటికి మచ్చలు మచ్చలుగా అనిపిస్తుంది కాబట్టి చాలా మిషన్లు ఒక్కో ఫ్రేముకి వదిలే పల్స్‌కి డోస్ కొంచెం పెంచుతాయి. అయినా మిగిలే లాభం తక్కువేం కాదు. కన్ను కూడా అలవాటు పడుతుంది. ముందు రోజే 7.5 అంటే గొడవే. మీ మిషన్‌లో 10 ఉంటే దానితో మొదలుపెట్టి, కొన్ని వారాలయ్యాక దించండి.

దీనికంటే పెద్ద దొంగ సైన్. సైన్‌లో ఒక్కో ఫ్రేముకి ఫ్లోరో ఫ్రేము కంటే పదింతలో అంతకంటే ఎక్కువో పడుతుంది. బెలూన్ ఉబ్బిందని రికార్డు కోసమే అయితే సైన్ ఎందుకు? దాదాపు అన్ని కొత్త మిషన్లలోనూ ఫ్లోరోనే దాచుకునే బటన్ ఉంటుంది. అప్పటిదాకా చూసిన ఫ్లోరో అలాగే సేవ్ అవుతుంది, అదనంగా ఒక్క కిరణం కూడా ఖర్చవదు. కుర్రాడూ, ఆ బటన్ నొక్కడం నీ చేతిలోనే ఉంది. డాక్టర్ గారు సైన్ అనేలోపే "సార్, ఫ్లోరో సేవ్ చేశాను, చూడండి" అను. పదిసార్లలో ఏడుసార్లు సరే అంటారు.

క్యాథ్‌ల్యాబ్_కుర్రాడు
ఆ బటన్ మా మిషన్‌కీ ఉంది. దాని మీద స్టిక్కర్ కూడా ఊడలేదు.

మత్తు_డాక్టర్
మీరంతా ఫ్రేముల గోలలో ఉన్నారు. నేను తల దగ్గర కూర్చుని రోజూ చూసేది వేరు. టేబుల్ బాగా కిందికి ఉంటుంది, బొమ్మ పట్టే డిటెక్టర్ పేషెంట్ ఛాతీకి జానెడు పైన గాల్లో వేలాడుతుంది. రెండూ తప్పే కదా?

డోస్‌లెక్క
రెండూ తప్పే. టేబుల్ కింద కిరణాలు పుట్టించే ట్యూబ్ ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, డిటెక్టర్ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. చర్మం ట్యూబ్‌కి 60 సెం.మీ. దూరంలో ఉన్నప్పుడు, 80లో ఉన్నప్పుడు తేడా చూడండి: మిగతావన్నీ మారకపోతే డోస్ దూరం వర్గానికి తగ్గట్టు పడిపోతుంది, అంటే దాదాపు 44 శాతం తక్కువ. డిటెక్టర్‌ని పైకి వదిలేస్తే దాని దాకా చేరే వెలుగు చాలక మిషన్ తనంతట తానే కిరణాలు పెంచేస్తుంది. ఆ పెంచడం మీకు తెలియదు, బొమ్మ ఎప్పట్లాగే బాగుంటుంది.

రేడియో_రాణి
నేను ప్రయత్నించాను, టేబుల్ ఎత్తినా తెర మీద అంకె ఏమీ తగ్గలేదు. అందుకే మా ల్యాబ్‌లో ఎవరూ నమ్మట్లేదు.

డోస్‌లెక్క
ఇది చాలా మందిని పట్టిన భ్రమ మేడమ్, అడిగినందుకు థాంక్స్. తెర మీద కనిపించే ఎయిర్ కెర్మా (గాలిలో లెక్కగట్టే డోస్) పేషెంట్ చర్మం దగ్గర కొలిచింది కాదు. సీ-ఆర్మ్ (ట్యూబ్‌నీ డిటెక్టర్‌నీ పట్టుకునే సీ ఆకారపు చెయ్యి) తిరిగే కేంద్రం నుంచి ట్యూబ్ వైపు 15 సెం.మీ. దూరంలో ఒక బిందువు అనుకుని అక్కడి లెక్క చూపిస్తారు. ఆ బిందువు సీ-ఆర్మ్‌తోపాటు ఉంటుంది, టేబుల్‌తో కదలదు. మీరు టేబుల్ ఎత్తితే చర్మం ఆ బిందువుకి పైకి జరుగుతుంది, అసలు డోస్ తగ్గుతుంది, అంకె మాత్రం మీకు ఆ సంగతి చెప్పదు. టేబుల్ బాగా దించితే ఇంకా ప్రమాదం, తెర మీద అంకె కంటే చర్మం మీద ఎక్కువ పడుతుంటుంది.

రేడియో_రాణి
ఓహో. రేపు ప్రింట్ తీసి గోడకి అంటిస్తా.

స్క్రబ్_సిస్టర్
టేబుల్ ఎత్తితే మా పొట్టి డాక్టర్ గారికి చేతులు అందవు. స్టూల్ ఇస్తే ఎక్కరు. ఈ సమస్యకి ఫిజిక్స్‌లో మందుందా?

అనుభవమే_గురువు
సిస్టర్ మాట మాత్రం నిజం 😀

నరాల_వంక
మా వైపు అంతా డీఎస్ఏ (ఎముకలని చెరిపేసి రక్తనాళాలనే చూపే ఎక్స్‌రే బొమ్మల వరుస). ఒక్కో బొమ్మకి ఫ్లోరోతో పోలికే లేదు, చాలా ఎక్కువ. ధమనులు నిండేటప్పుడు సెకనుకు 2 లేదా 3 బొమ్మలు, సిరల దశకి వచ్చేసరికి 1కి దించేలా ప్రోటోకాల్ రాయించుకున్నాం. మొదట్నుంచి చివరిదాకా 3లో తీసేవాళ్ళు ఇంకా ఉన్నారు. కారణం అడిగితే "సెట్టింగ్ అలా ఉంది".

గుండె_మరమ్మత్తు
కోలిమేషన్ (కిరణాల అంచులు మూసి చదరం చిన్నది చెయ్యడం) ఎవరూ ఎత్తలేదేం? నేను ఊపిరితిత్తులు, వెన్నెముక అన్నీ బొమ్మలోంచి కోసేసి నాళం వరకే ఉంచుతాను. డోస్ తగ్గడానికి అంత సులువైన దారి ఇంకోటి లేదు.

రేడియో_రాణి
దాంతో చర్మం డోస్ తగ్గుతుందని నేను ఒప్పుకోను సార్. మీరు అంచులు మూసినా మధ్యలో పడేది అంతే పడుతుంది. తగ్గేది విస్తీర్ణం. కొన్నిసార్లు మూసేసరికి మిషన్ కొంచెం పెంచుతుంది కూడా.

గుండె_మరమ్మత్తు
మరి అంకె సగానికి పడిపోవడం నా కళ్ళతో చూశానే?

రేడియో_రాణి
మీరు చూసింది డోస్-ఏరియా లెక్క, అంటే డోస్‌ని విస్తీర్ణంతో గుణించింది. రెండో అంకె చూడండి, ఎయిర్ కెర్మా. అది కదలదు.

డోస్‌లెక్క
ఇద్దరూ గెలిచారు. మేడమ్ చెప్పినట్టు ఒకే చోట చర్మానికి పడేది కోలిమేషన్ వల్ల తగ్గదు. కానీ శరీరానికి మొత్తంగా చేరే శక్తి తగ్గుతుంది, పక్కలకి చెదిరేది తగ్గుతుంది, బొమ్మ కూడా స్పష్టమవుతుంది. ఇంకో లాభం ఎవరూ చెప్పరు. కోణం మార్చినప్పుడు పెద్ద పెద్ద చదరాలైతే వీపు మీద ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, ఎక్కిన చోట రెండింతలు పడుతుంది. చిన్న చదరాలైతే విడివిడిగా పడతాయి. కోణం మార్చడం, కోలిమేట్ చెయ్యడం జంటగా చేస్తేనే చర్మానికి పనికొస్తుంది.

ఓ_కొడుకుని
నేను డాక్టర్ని కాదు, వెతుకుతూ ఇక్కడికి వచ్చాను. మా నాన్నగారికి పూర్తిగా మూసుకుపోయిన నాళం తెరవాలని స్టెంట్ ప్రయత్నం చేశారు, మొదటిసారి అవలేదు. కొన్ని వారాలాగి రెండోసారి చేసి వేశారు. గుండెకి బాగుంది. ఇప్పుడు కుడి భుజం ఎముక కింద, వీపు మీద, స్కేలు పెట్టి గీసినట్టు నలుచదరంగా ఎర్రబడింది. దురద, మంట. దగ్గర్లోని డాక్టర్ ఫంగస్ అని ఆయింట్‌మెంట్ ఇచ్చారు, తగ్గలేదు. పైన రాసింది చదివాక భయం వేసింది. ఇది అదేనా?

తోలు_డాక్టర్
చూడకుండా చెప్పకూడదు, కానీ మీరు రాసిన ఆకారం, చోటు, సమయం మూడూ రేడియేషన్ వైపే వేలు చూపిస్తున్నాయి. ఫంగస్‌కి నేరుగా అంచులుండవు. గుండెకి ఎడమ వాలు కోణంలో బొమ్మ తీసేటప్పుడు ట్యూబ్ పేషెంట్ కుడి వీపు వెనక ఉంటుంది, అందుకే మచ్చ అక్కడ వస్తుంది. ఇలాంటివి ఫంగస్ అనీ, సర్పి అనీ, ప్లాస్టర్ పడలేదనీ, ఒరిపిడి పుండనీ పొరబడటం మామూలే. ఎందుకంటే వీపు మీద మచ్చ చూసినప్పుడు గుండె చికిత్స గురించి అడగాలని మాకు తట్టదు, చెప్పాలని పేషెంట్‌కి తట్టదు.

చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళి స్టెంట్ సంగతి ముందే చెప్పండి. తొందరపడి ముక్క కోసి పరీక్షకి పంపనివ్వకండి, రేడియేషన్ తగిలిన చర్మం మానడానికి మొండికేస్తుంది, కోసిన చోటే పుండుగా మిగిలిపోవచ్చు. గోకనివ్వొద్దు, వేడి కాపడం పెట్టొద్దు, ఎండ తగలనివ్వొద్దు. చాలా మందికి ఎర్రదనం తగ్గిపోతుంది, రంగు మచ్చ ఉండిపోతుంది. తగ్గినట్టే తగ్గి నెలల తర్వాత పుండు పడేవాళ్ళూ ఉన్నారు కాబట్టి చూపిస్తూ ఉండాలి.

డోస్‌లెక్క
@ఓ_కొడుకుని ఆసుపత్రికి వెళ్ళి రెండు చికిత్సలకూ డోస్ రిపోర్ట్ అడగండి. మిషన్‌లో ఉంటుంది. కావలసింది ఫ్లోరో నిమిషాలు కాదు, ఎయిర్ కెర్మా, గ్రేలలో లేక మిల్లీగ్రేలలో. చర్మానికి సుమారు 2 గ్రే దగ్గర ఒకటి రెండు రోజులుండే ఎరుపు రావచ్చు, 6 దాటితే పది రోజుల తర్వాత అసలైన ఎరుపు, 15 దాటితే పుండు పడే భయం. రెండు నెలల లోపు రెండుసార్లు చేస్తే రెండూ కూడి చూడాలి, చర్మం మొదటిది మరిచిపోయి ఉండదు.

ఓ_కొడుకుని
మాకు ముందు ఈ మాట ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టించుకున్న కాగితంలో రేడియేషన్ అన్న పదమే లేదు.

గుండె_మరమ్మత్తు
మీ బాధ అర్థమైంది. మీ నాన్నగారి కేసు తెలియకుండా తీర్పు చెప్పను. మూసుకుపోయిన నాళాలు తెరవడం మా పనుల్లో అత్యధిక డోస్ పడేది, జాగ్రత్తగా చేసినా పడుతుంది. కానీ పడుతుందని తెలిసినప్పుడు చెప్పాలి, అందులో వాదన లేదు. నేను నేర్చుకున్న పద్ధతి ఇది: 3 గ్రే దగ్గర టెక్నీషియన్ బిగ్గరగా చెబుతాడు, అక్కడి నుంచి ప్రతి గ్రేకీ చెబుతాడు. 5 దాటితే ఆగి ఆలోచిస్తాం, కోణం మారుస్తాం, ఇంకా నాళం తెరుచుకునే ఆశ ఉందా అని అడుగుతాం. 5 దాటి ముగిస్తే పేషెంట్‌కి వీపు చూసుకొమ్మని చెప్పి, రెండు నుంచి నాలుగు వారాల్లో ఫోన్ చేస్తాం.

అనుభవమే_గురువు
మధ్యలో ఆపి కోణం మార్చితే తీగ పోతే? మీరు చెప్పేది చదవడానికి బాగుంటుంది.

గుండె_మరమ్మత్తు
తీగ తియ్యమనలేదు సార్, ట్యూబ్ జరపమన్నాను. పది డిగ్రీలు జరిపినా అదే నాళం కనిపిస్తుంది, వీపు మీద చోటు మారుతుంది. కానీ బాగా వాలిన కోణం మాత్రం వద్దు. వాలేకొద్దీ కిరణం దాటాల్సిన శరీరం మందం పెరుగుతుంది. సుమారు 3 సెం.మీ. కండ పెరిగితే చర్మం మీద పడేది దాదాపు రెట్టింపు. లావు మనిషికి వాలు కోణం, దగ్గర ట్యూబ్, మ్యాగ్నిఫికేషన్ మూడూ కలిస్తే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోండి.

మత్తు_డాక్టర్
చేతులు కూడా. పక్క కోణం తీసేటప్పుడు పేషెంట్ మోచెయ్యి జారి ట్యూబ్ ముందుకి వచ్చేస్తుంది. అప్పుడు చర్మానికీ ట్యూబ్‌కీ దూరమే ఉండదు, పైగా చెయ్యి మందం వల్ల మిషన్ ఇంకా పెంచుతుంది. మోచేతులు కాలిన కేసులు వైద్య పత్రికల్లో ఫొటోలతో సహా ఉన్నాయి. దుప్పటి కప్పాక ఎవరికీ కనపడదు కాబట్టి ఇది నా పనిగా పెట్టుకున్నాను.

ఎముకల_పీజీ
మా ఓటీలో ఎవరూ అంకె చూడరు. 5 నిమిషాలకి బజర్ మోగుతుంది, ఎవరో ఒకరు నొక్కేస్తారు, మళ్ళీ మొదలు. అసలు నిమిషాలు తక్కువైతే డోస్ తక్కువే కదా?

రేడియో_రాణి
కాదు. నిమిషాల్లో సైన్ లెక్కలోకి రాదు, పేషెంట్ లావు రాదు, మ్యాగ్ రాదు. 4 నిమిషాల కేసు 12 నిమిషాల కేసు కంటే ఎక్కువ పడెయ్యగలదు. కానీ మీ ఓటీకి నిమిషాలు చూసినా మేలే, ఎందుకంటే అక్కడ పోయేదంతా నొక్కి పట్టుకోవడంలోనే. ఒక్కసారి నొక్కి వదిలెయ్యండి, ఆఖరి బొమ్మ తెర మీద నిలబడే ఉంటుంది. దాన్ని చూస్తూ ఆలోచించుకోండి. సీ-ఆర్మ్ చక్రాలకి నేల మీద టేపు వేస్తే తిప్పి తెచ్చిన ప్రతిసారీ వెతకడానికి ఫ్లోరో కొట్టక్కర్లేదు.

ఎముకల_పీజీ
టేపు ఐడియా దొంగిలిస్తున్నా.

రాళ్ళ_డాక్టర్
కిడ్నీలో రాయికి సూది వెయ్యడానికి అల్ట్రాసౌండ్ ఉండగా ఫ్లోరో ఎందుకు అని నా వాదన. పూర్తిగా మానలేం, దారి వెడల్పు చేసేటప్పుడు కావాలి. సూది వరకైనా మానొచ్చు. ఈ పేషెంట్లకి మళ్ళీ మళ్ళీ రాళ్ళు వస్తాయి, మళ్ళీ మళ్ళీ సీటీలు, అదంతా కూడుతూ పోతుంది.

సూదిమందు_సీటీ
సీటీ చూస్తూ బయాప్సీ చేసేవాళ్ళకి: సూది ఎక్కడుందో చూడ్డానికి ఛాతీ మొత్తం మళ్ళీ స్కాన్ చెయ్యకండి. గడ్డ చుట్టూ నాలుగైదు స్లైసులు చాలు, ఎంఏ (ట్యూబ్ కరెంటు) కూడా బాగా దించండి. మీకు రోగనిర్ధారణ అక్కర్లేదు, లోహపు సూది కనిపిస్తే చాలు. అది ఎంత మసక బొమ్మలోనైనా కనిపిస్తుంది.

పిల్లల_గుండె
పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళకి చర్మం కాలే భయం తక్కువ, ముందున్న ఆయుష్షు ఎక్కువ కాబట్టి క్యాన్సర్ లెక్క మీద పడుతుంది. మేం 20 కిలోల లోపు పిల్లలకి గ్రిడ్ (చెదిరిన కిరణాలని ఆపే జల్లెడ లాంటి పలక) తీసేస్తాం. చెదిరే కిరణాలు అంత ఉండవు, గ్రిడ్ ఊరికే డోస్ తింటుంది. రాగి ఫిల్టర్ వేస్తాం. 4 లేదా 7.5 పల్స్‌లో పని అయిపోతుంది.

క్యాథ్‌ల్యాబ్_కుర్రాడు
గ్రిడ్ తియ్యొచ్చా?? నాకు ఇంతవరకు తెలీదు.

పిల్లల_గుండె
కొన్ని మిషన్లకి సొరుగులా బయటికి వస్తుంది. కొన్నిటికి ఇంజినీర్ కావాలి. తీస్తే మళ్ళీ పెట్టడం మరవకండి, తర్వాత పెద్దవాళ్ళ కేసులో బొమ్మ మంచు కప్పినట్టుంటుంది.

స్క్రబ్_సిస్టర్
పిల్లలకి నడుం కింద లెడ్ కప్పుతాం కదా, అది మంచిదేనా?

డోస్‌లెక్క
అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లోనే రోజువారీగా అలా కప్పడం మానెయ్యమంది. లోపలే చెదిరి చేరే కిరణాలని పైన కప్పిన లెడ్ ఆపలేదు. అంతకంటే ముఖ్యం, అది పొరపాటున కిరణాల దారిలోకి జారితే మిషన్ దాన్ని మందమైన శరీరం అనుకుని మొత్తం పెంచేస్తుంది. మంచి కోలిమేషన్ అంతకంటే నయం.

స్క్రబ్_సిస్టర్
తల్లిదండ్రులు అడుగుతారే. కప్పకపోతే "మా బాబుకి కప్పలేదు" అని గొడవ.

పిల్లల_గుండె
నిజమే, మేమూ వాళ్ళకి వివరించలేక కొన్నిసార్లు కప్పేస్తున్నాం, దారికి బాగా దూరంగా. సరైన పద్ధతి కాదని తెలుసు.

నరాల_వంక
డోస్ లిమిట్ అని ఒకటి ఉంటే ఈ గొడవే ఉండదు. మాకు, సిబ్బందికి ఉంది కదా.

డోస్‌లెక్క
పేషెంట్‌కి లిమిట్ ఉండదు, ఉండకూడదు కూడా. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం ఐసీఆర్‌పీ చెప్పేది అదే. లిమిట్ వచ్చిందని సగం తెరిచిన నాళాన్ని వదిలేస్తారా? అవసరమా కాదా అని ముందు తేల్చుకోవడం, అవసరమైతే పని జరిగేంత మాత్రమే వాడటం, అంతే. పోల్చుకోవడానికి రిఫరెన్స్ లెవెల్స్ ఉంటాయి, మీ ల్యాబ్ సగటు దాని పైన ఉంటే కారణం వెతుక్కోవాలి.

రేడియో_రాణి
ఆ పోలికలో ఒక గుంట ఉంది. ఒక మిషన్ డోస్-ఏరియాని గ్రే-చదరపు సెం.మీ.లో, ఇంకోటి మైక్రోగ్రే-చదరపు మీటర్లలో చూపిస్తుంది. మొదటి దానిలో 1 అంటే రెండో దానిలో 100. ల్యాబ్ మారిన కొత్తలో మా దగ్గర ఒకతను రిజిస్టర్ చూసి కంగారుపడి ఫోన్ చేశాడు, "మేడమ్, ఇక్కడివాళ్ళు పేషెంట్లని వేపేస్తున్నారు" అని.

ఎముకల_పీజీ
😂😂

ఓ_కొడుకుని
రిపోర్ట్ ఇచ్చారు. మొదటిది 4,100 మిల్లీగ్రే, రెండోది 5,300. చర్మవైద్యురాలు చూశారు, రేడియేషన్ వల్లే అన్నారు, ముక్క తియ్యలేదు. మందు రాసి నెలకోసారి రమ్మన్నారు. మీరు చెప్పకపోతే ఇంకా ఫంగస్ మందే రాస్తుండేవాణ్ణి.

తోలు_డాక్టర్
మంచిది. ఆ కాగితం జాగ్రత్త చెయ్యండి. ఇక ముందు ఏ ఆసుపత్రిలో గుండె బొమ్మ తీయించినా ముందు అది చూపించి, ఆ చోటుని వదిలి వేరే కోణం వాడమని చెప్పండి.

గుండె_మరమ్మత్తు
ఈ అంకె డిశ్చార్జ్ సమ్మరీలోనే ఉంటే ఆయన తిరగాల్సిన పని ఉండేది కాదు. ఎయిర్ కెర్మా, డోస్-ఏరియా, తేదీ, ఒక్క లైను. మా టెంప్లేట్‌లో వెయ్యమని ఐటీ వాళ్ళని అడిగాను.

స్క్రబ్_సిస్టర్
వేశారా?

గుండె_మరమ్మత్తు
ఖాళీ గడి లేదట. అలర్జీల గడిలో పెడతామంటున్నారు.

మత్తు_డాక్టర్
పెట్టనివ్వండి. సమ్మరీలో నేను చదివే గడి అదొక్కటే.